అల్యూమినా బాల్స్ కొనేటప్పుడు మేం వేసుకునే లెక్క

రాయిని పౌడర్ చేసే మిల్లులో రాయితో పాటు తిరిగే సిరామిక్ గుండ్లే అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) బాల్స్. వాటి కొటేషన్లు నాలుగు ముందు పెట్టుకుని కూర్చుంటే ఎవరి చూపైనా మొదట కిలో రేటు మీదే పడుతుంది. ఐదు టన్నుల బాల్స్ అంటే ఒక్కసారిగా లక్షలు బయటికి పోతాయి కాబట్టి కిలోకి పది రూపాయల తేడా కూడా పెద్దగానే కనిపిస్తుంది. అయినా కిలో రేటు చూసి బాల్స్ కొనకూడదని నేను గట్టిగా నమ్ముతాను. మనం అమ్మేది బాల్స్ కాదు, పౌడర్. టన్ను పౌడర్ తీయడానికి ఎన్ని రూపాయల బాల్స్ అరిగాయి, ఎంత కరెంటు కాలింది, ఆ పౌడర్ తీసుకున్నవాళ్ళు మళ్ళీ ఆర్డర్ పెట్టారా లేదా అన్నవి చూస్తేనే అసలు ధర తెలుస్తుంది.

మాది షాద్‌నగర్ దగ్గర చిన్న గ్రైండింగ్ యూనిట్. నాన్న మొదలుపెట్టారు. ఇప్పుడు కొనుగోళ్ళు, లెక్కలు, ల్యాబ్ నేను చూస్తాను, మిల్లుల సంగతి మా ఫిట్టర్ అన్న చూస్తాడు. పాత మహబూబ్‌నగర్ జిల్లా క్వారీల నుంచి ఫెల్డ్‌స్పార్ అనే లేతరంగు ఖనిజం, పలుగురాయి (క్వార్ట్జ్) వస్తాయి. జా క్రషర్‌లో చిప్స్ చేసి, బాల్ మిల్లులో 200 మెష్, అంటే 75 మైక్రాన్లకు పౌడర్ చేసి పంపుతాం. ఫెల్డ్‌స్పార్ ఎక్కువగా గుజరాత్‌లోని మోర్బీ టైల్స్ ఫ్యాక్టరీలకు పోతుంది. పలుగు పౌడర్ గాజు, ఫ్రిట్ (టైల్స్ మెరుపు పూతకు వాడే గాజు పొడి) చేసేవాళ్ళకు. రెండు రాళ్ళకు రెండు మిల్లులు. ఆ రెండింట్లో తిరిగే గుండ్లు కూడా వేరు వేరు. ఎందుకో చెప్పడానికే ఈ పోస్టు.

ఇనుప గుండ్లు ఎందుకు వేయరని చాలామంది అడుగుతారు. స్టీల్ సాంద్రత 7.8, అంటే నీటికి 7.8 రెట్ల బరువు. అంత బరువైన గుండు పడితే రాయి త్వరగా నలుగుతుంది, మాటే లేదు. కానీ గుండు అరిగిన ఇనుమంతా పౌడర్‌లోనే కలుస్తుంది. టైల్ కిల్న్ (కాల్చే బట్టీ)లోకి వెళ్ళి బయటికి వచ్చేసరికి అది నల్లటి చుక్కలుగా, పసుపు ఛాయగా తేలుతుంది. మంచి గ్రేడు ఫెల్డ్‌స్పార్‌కు ఐరన్ ఆక్సైడ్ 0.1 శాతం లోపు ఉండాలని అడగడం మామూలు. తెల్లదనమే మన సరుకు విలువ. అందుకే తెల్ల ఖనిజాలు ఆడించే మిల్లుల్లో లైనింగ్ (లోపలి గోడకు వేసే పొర), బాల్స్ రెండూ రాయివైనా అయి ఉండాలి, సిరామిక్‌వైనా అయి ఉండాలి.

అందులోనూ రకాలున్నాయి. అన్నిటికంటే చౌక పెబుల్స్, అంటే నున్నటి గులకరాళ్ళు. మంచి ఫ్లింట్ పెబుల్స్‌కు ఇంగ్లీష్ ఛానల్ పక్కనున్న ఫ్రాన్స్ తీరం పేరు మోసింది. మన దగ్గర నది గులకలు ఏరి అమ్మేవాళ్ళూ ఉన్నారు. వీటి సాంద్రత 2.6 దగ్గర ఉంటుంది. ఆ పైన అల్యూమినా బాల్స్. 92 శాతం గ్రేడు, అంటే 92 శాతం అల్యూమినా ఉన్నదాని సాంద్రత 3.6, 95 శాతానికి 3.7, 99 శాతానికి 3.85 పైన. ఇంకా పైకి వెళ్తే జిర్కోనియా, దాని సాంద్రత 6. అల్యూమినా శాతం పెరిగేకొద్దీ గట్టితనం, బరువు, రేటు అన్నీ పెరుగుతాయి.

మా ఫెల్డ్‌స్పార్ మిల్లు లోపలి వ్యాసం 1.8 మీటర్లు, పొడవు 2.4 మీటర్లు. లోపలి ఖాళీ సుమారు 6 ఘనమీటర్లు. అందులో 40 శాతం బాల్స్‌తో నింపితే 2.4 ఘనమీటర్లు. గుండ్రటి బాల్స్ మధ్య దాదాపు 40 శాతం గాలే ఉంటుంది కాబట్టి అల్యూమినా అయితే 5.2 టన్నులు పడుతుంది, పెబుల్స్ అయితే 3.7 టన్నులు. అదే మిల్లు, అదే స్పీడు, అదే జాగా. లోపల తిరిగే బరువులో మాత్రం టన్నున్నర తేడా. అల్యూమినాకు మారితే గంటకు వచ్చే పౌడర్ పెరగడానికి ముఖ్య కారణం ఇదే.

అయితే ఆ బరువును మోసేది మోటారు, గేర్‌బాక్స్, బేరింగులు. పెబుల్స్ కోసం కట్టిన పాత మిల్లులో ఆలోచించకుండా అల్యూమినా నింపితే ముందు ఆంపియర్లు ఎగురుతాయి, తర్వాత గేరు పళ్ళు అరుస్తాయి. మోటారుకు ఆ తాకత్తు లేకపోతే బాల్స్ 40 శాతానికి బదులు 33 శాతమే నింపి చూడాలి. బాల్స్ మార్చే ముందు లైనింగ్ ఏమిటో కూడా చూసుకోవాలి. రాతి దిమ్మెల లైనింగ్ మీద అల్యూమినా బాల్స్ వేస్తే లైనింగే ముందు పోతుంది. అల్యూమినా ఇటుకల మీద పెబుల్స్ వేస్తే ఇబ్బంది లేదు. అల్యూమినా, పెబుల్స్ రెండూ కలిపి ఒకే మిల్లులో పోస్తే గట్టివి మెత్తవాటిని తినేస్తాయి. రెండు కంపెనీల అల్యూమినా బాల్స్ కలిపినా కొంతవరకు అదే జరుగుతుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇక్కడ వేసే అంకెలు మా పుస్తకంలోవి కావు, పద్ధతి అర్థం కావడానికి పెట్టినవి. మీ అంకెలు మీరు వేసుకోండి. ఒక రకం బాల్స్ కిలో 70 రూపాయలు, టన్ను పౌడర్‌కు 1.2 కిలోలు అరుగుతాయి అనుకుందాం. టన్నుకు 84 రూపాయలు. ఇంకో రకం కిలో 110, అరుగుదల అర కిలో. టన్నుకు 55 రూపాయలు. కొటేషన్‌లో 40 రూపాయలు ఎక్కువగా కనిపించిన సరుకు మిల్లులోకి వెళ్ళాక టన్నుకు 29 రూపాయలు మిగిల్చింది. నెలకు 400 టన్నులు తీసే యూనిట్‌కు అది 11,600 రూపాయలు. అరుగుదల తక్కువగా ఉండే బాల్స్‌తో మిల్లులో బరువు నిలకడగా ఉంటుంది, ఆ మేరకు పౌడర్ కూడా నిలకడగా వస్తుంది. టన్నుకు 30 యూనిట్ల కరెంటు కాలే చోట అందులో పదో వంతు తగ్గినా, యూనిట్ 8 రూపాయలు అనుకుంటే ఇంకో 24 రూపాయలు. బాల్స్ మీద మిగిలినదానికి దాదాపు సమానం. కరెంటు లెక్క కలపకుండా బాల్స్ ధర మాట్లాడేవాళ్ళు సగం లెక్కే చూస్తున్నారు.

మరి 99 శాతం అల్యూమినా తీసుకోవచ్చు కదా, ఇంకా తక్కువ అరుగుతుంది కదా అంటారు. ఫెల్డ్‌స్పార్‌కు అవసరం లేదని నా అభిప్రాయం. గట్టితనం కొలిచే మోహ్స్ స్కేలు మీద ఫెల్డ్‌స్పార్ 6, అల్యూమినా 9. 92 శాతం గ్రేడుతోనే ఆ రాయి బాగా నలుగుతుంది. పైగా ఫెల్డ్‌స్పార్‌లో సహజంగానే 17, 18 శాతం అల్యూమినా ఉంటుంది. టన్నుకు అర కిలో బాల్ అరిగి కలిస్తే 0.05 శాతం. టైల్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో అది కనిపించనే కనిపించదు. కనిపించని స్వచ్ఛత కోసం అంత రేటు పెట్టడం నాకు సబబుగా తోచదు. 99 శాతం అల్యూమినా ఎలక్ట్రానిక్స్ సిరామిక్స్ లాంటి చోట్లకు సరిపోతుంది, అక్కడ ప్రతి మలినానికీ లెక్క ఉంటుంది.

పలుగు మిల్లు దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క తిరగబడుతుంది. పలుగు మోహ్స్ 7, ఫెల్డ్‌స్పార్ కంటే గట్టిది, బాల్స్‌ను ఎక్కువ అరగదీస్తుంది. టన్నుకు కిలో అల్యూమినా అరిగిందంటే 0.1 శాతం అల్యూమినా పౌడర్‌లో కలిసినట్టే. గాజు, ఫ్రిట్ చేసేవాళ్ళు ప్రతి లోడుకూ అల్యూమినా ఎంతో టెస్ట్ రిపోర్టులో చూస్తారు. ఫెల్డ్‌స్పార్ కొనేవాళ్ళు పట్టించుకోనిదే వీళ్ళు మొదట అడుగుతారు. అందుకని పలుగు మిల్లులో మేం ఇప్పటికీ పెబుల్సే నడుపుతున్నాం. అవి అల్యూమినా కంటే చాలా ఎక్కువ అరుగుతాయి, నిజమే. కానీ అరిగింది కూడా పలుగు లాగే సిలికాయే కదా, పౌడర్‌తో పాటే బస్తాలోకి వెళ్తుంది. ఒక్క షరతు. ఎర్రజీర, గోధుమ రంగు మచ్చ ఉన్న రాళ్ళను చేత్తో ఏరి పారేయాలి, ఎందుకంటే ఆ రంగు ఇనుముదే. ఈ ఏరే పనికి మనిషిని పెట్టడం దండగ అనుకునేవాళ్ళున్నారు. మాకు మాత్రం అది అన్నిటికంటే చవకగా దొరికే క్వాలిటీ కంట్రోల్. మిల్లు కెపాసిటీ తగ్గుతుంది, ఒప్పుకుని నడుపుతున్నాం.

ఇక 92 అని రాసిన బస్తాలో నిజంగా 92 ఉందా అన్నదే కొనేవాళ్ళకు పెద్ద టెన్షన్. ఒకసారి ఒక సప్లయర్ పంపిన లాట్‌లో బస్తా మీద, సర్టిఫికెట్ మీద అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. మిల్లులో వేశాక కొన్నాళ్ళకే బాల్స్ సగానికి సగం చీలి, ఆ ముక్కలు పౌడర్ బయటికి వచ్చే డిశ్చార్జ్ జాలీ రంధ్రాల్లో ఇరుక్కున్నాయి. "అక్కా, ఇవి బాల్స్ కావు, బొమ్మరాళ్ళు" అని ఫిట్టర్ అన్న ఒక ముక్క తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. మిల్లు ఆపి, మూత తీసి, ముక్కలు ఏరి మళ్ళీ నడిపేసరికి పోయిన ఉత్పత్తి ఆ కిలో రేటు తేడాను ఎప్పుడో మింగేసింది. అప్పటి నుంచి లోడు దింపక ముందే శాంపిల్ పరీక్ష చేస్తున్నాం. ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు, కాబట్టి వివరంగా రాస్తాను.

మొదటిది సాంద్రత. గ్రాముల కాటా మీద ఒక బాల్ తూచండి. తర్వాత ఒక మగ్గులో నీళ్ళు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి. బాల్‌ను సన్నటి దారంతో కట్టి, అడుగుకూ పక్కలకూ తగలకుండా పూర్తిగా నీళ్ళలో ముంచి పట్టుకోండి. ఇప్పుడు కాటా చూపించే గ్రాములే ఆ బాల్ ఘనపరిమాణం, ఘనసెంటీమీటర్లలో. 50 మిల్లీమీటర్ల బాల్ బయట 238 గ్రాములు తూగి, నీళ్ళలో 66 చూపిస్తే, 238ని 66తో భాగించండి, 3.6 వస్తుంది. సరైన సరుకు. 3.4 వచ్చిందంటే లోపల బుడగలున్నాయో, అల్యూమినా తగ్గించారో, కిల్న్‌లో సరిగా కాలలేదో, ఏదో ఒకటి జరిగింది. ఒక్క బాల్‌తో నిర్ణయానికి రాకండి. వేర్వేరు బస్తాల నుంచి, బస్తా అడుగు నుంచి కూడా తీసి చూడాలి.

రెండోది పగలగొట్టి చూడటం. బాల్‌ను గోనెసంచిలో చుట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని సమ్మెటతో కొట్టాలి. అంచులు చాకులా తెగుతాయి, జాగ్రత్త. పగిలిన ముఖం అంతటా ఒకే రంగులో, నున్నగా ఉండాలి. మధ్యలో వేరే రంగు గుండ్రటి మచ్చ కనిపిస్తే లోపలిదాకా కాలలేదని అర్థం. ఉల్లిపాయ పొరల్లా వలయాలు కనిపిస్తే దొర్లించి చేసినప్పుడు పొరకూ పొరకూ సరిగా పట్టలేదన్నమాట. అలాంటివి మిల్లులో పొర పొరగా ఊడతాయి. తర్వాత ఆ పగిలిన ముఖం మీద నీలం సిరా రాసి, కాసేపు ఆగి కడగండి. మరక పోతే మంచిది. సిరా లోపలికి ఇంకి నీలంగా ఉండిపోతే సూక్ష్మరంధ్రాలున్నట్టే, అది త్వరగా అరుగుతుంది.

మూడోది, నాకు బాగా నమ్మకమైనది, అరుగుదల పరీక్ష. ల్యాబ్‌లో జార్లను తిప్పే చిన్న పాట్ మిల్లు ఉంటే చాలు. ఇద్దరు సప్లయర్ల బాల్స్ ఒకే సైజువి, ఒకే బరువు తీసుకుని రెండు జార్లలో వేయాలి. రెండింట్లోనూ అంతే పలుగు ఇసుక, అన్ని నీళ్ళు పోసి ఒక రోజు తిప్పాలి. కడిగి, ఓవెన్‌లో పూర్తిగా ఆరబెట్టి మళ్ళీ తూచాలి. కొత్త బాల్స్ మీద ఉండే పైపొర త్వరగా పోతుంది కాబట్టి మొదటి రోజు లెక్క పక్కన పెట్టి, మళ్ళీ తిప్పి రెండో రోజు నుంచి చూడండి. ఇందులో వచ్చే అంకె మీ పెద్ద మిల్లు అంకెతో సరిపోలదు, అవసరం కూడా లేదు. ఎవరి సరుకు ఎవరికంటే ఎన్ని రెట్లు అరుగుతోందో తెలిస్తే చాలు, బేరం అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. ఈ పరీక్ష చేస్తామని ముందే చెప్పినప్పుడు వచ్చే శాంపిల్స్ వేరుగా ఉంటాయని కూడా గమనించాను. అందుకే శాంపిల్ పాసైనా లోడు వచ్చాక మళ్ళీ చేస్తాం.

మంచి బాల్స్ కొన్నంత మాత్రాన పని అయిపోదు. సైజుల మిక్స్ సరిచేసుకుంటే పైసా ఖర్చు లేకుండానే ఉత్పత్తి మెరుగవుతుంది. పెద్ద బాల్ వేస్తే ఎక్కువ నలుగుతుందని చాలా యూనిట్లలో నమ్మకం. చిప్స్‌ను పగలగొట్టడానికి పెద్దవి కావాలి, సరే. కానీ 75 మైక్రాన్లకు దింపేది చిన్న బాల్స్ మధ్య రాపిడి. ఒక 60 మిల్లీమీటర్ల బాల్ బరువులో ఎనిమిది 30 మిల్లీమీటర్ల బాల్స్ వస్తాయి, వాటి ఉపరితలం రెండింతలు. మా క్రషర్ నుంచి 10 మిల్లీమీటర్ల లోపు చిప్స్ వస్తాయి కాబట్టి 60వి కొద్దిగా, 50, 40వి ఎక్కువగా, 30వి కొన్ని వేసి మొదలుపెట్టాం. ఆ తర్వాత అరిగినంత మేర కలిపేటప్పుడు పెద్ద సైజు మాత్రమే కలుపుతాం. పెద్దవి అరుగుతూ మధ్య సైజుకూ, చిన్న సైజుకూ అవే దిగుతాయి, మళ్ళీ చిన్నవి కొనక్కర్లేదు. క్రషర్ జల్లెడ చిరిగి 20 మిల్లీమీటర్ల రాయి మిల్లులోకి వచ్చిందంటే మాత్రం ఈ మిక్స్ అంతా దెబ్బతింటుంది. బాల్స్ మీద పడే నింద నిజానికి క్రషర్‌ది కావచ్చు.

ఎప్పుడు కలపాలో ఆంపియర్ మీటరే చెబుతుంది. బాల్స్ బరువు తగ్గేకొద్దీ మోటారు తీసుకునే కరెంటు తగ్గుతూ వస్తుంది. షిఫ్టు షిఫ్టుకూ రాసుకుంటే ఆ జారుడు స్పష్టంగా కనిపిస్తుంది. మిల్లు ఆగినప్పుడు మూత తీసి, పై లైనింగ్ నుంచి బాల్స్ మట్టం దాకా ఎంత ఖాళీ ఉందో కర్రతో కొలిచి కూడా రాస్తాం. స్పీడు విషయంలో 1.8 మీటర్ల మిల్లుకు క్రిటికల్ స్పీడు నిమిషానికి 31.5 చుట్లు. అంతకు చేరితే బాల్స్ గోడకు అంటుకుని తిరుగుతాయి తప్ప పడవు. మేం అందులో 70 శాతం, అంటే 22 చుట్లు నడుపుతాం. ఇంకా వేగం పెంచితే బాల్స్ నేరుగా ఎదురుగోడ మీదికి ఎగిరిపడి, లైనింగ్, బాల్స్ రెండూ పగులుతాయి. ఫీడ్ లేకుండా ఖాళీ మిల్లు తిప్పడం అంతకంటే నష్టం. రాయి లేనప్పుడు బాల్‌ను బాలే కొడుతుంది. లారీ ఆలస్యమై చిప్స్ అయిపోతే మిల్లు ఆపేయమని ఆపరేటర్లకు చెప్పాం, ఎందుకు ఆపావని ఎవరూ అడగరు.

అప్పుడప్పుడూ మిల్లు మొత్తం ఖాళీ చేసి, 20 మిల్లీమీటర్ల కంటే చిన్నగా అరిగినవి, ముక్కలైనవి జల్లెడ పట్టి తీసేయాలి. అవి నలిపేదేమీ ఉండదు, జాగా ఆక్రమిస్తాయి, జాలీ మూస్తాయి. ఈ పని గురించి ఒక మాట చెప్పి తీరాలి. బాల్స్ దింపి జల్లెడ పట్టేటప్పుడు లేచే దుమ్ము సన్నటి సిలికా. అది ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. చట్టప్రకారం అది అధికారులకు తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బు. ముఖానికి రుమాలు కట్టుకుంటే దానికి అడ్డుకట్ట పడదు. నీళ్ళు చల్లి తడిపాకే దింపాలి, సరైన రెస్పిరేటర్ ఇవ్వాలి, దుమ్ము పట్టే బ్యాగ్ ఫిల్టర్ నడుస్తూ ఉండాలి. త్వరగా అరిగే చౌక బాల్స్ కొంటే మిల్లు ఎక్కువసార్లు తెరవాలి, మనుషులు ఎక్కువసార్లు ఆ దుమ్ములోకి దిగాలి. నా లెక్కలో బాల్స్ ధరలో ఇది కూడా ఉంది, రూపాయల్లో వేయలేకపోయినా.

జిర్కోనియా గురించి కూడా అడుగుతుంటారు కాబట్టి క్లుప్తంగా. మా చిన్నాన్న కొడుకు పురుగుమందుల ఫార్ములేషన్ యూనిట్‌లో పనిచేస్తాడు. అక్కడ బీడ్ మిల్లుల్లో మిల్లీమీటర్ సైజు జిర్కోనియా బీడ్స్ వాడతారు. చిక్కటి ద్రవంలో అంత చిన్న బీడ్ బలంగా తగలాలంటే బరువు కావాలి, అక్కడ ఆ రేటుకు అర్థముంది. పెయింట్లవాళ్ళు మధ్యస్థంగా జిర్కోనియం సిలికేట్ బీడ్స్‌తో సరిపెట్టుకుంటారు, సాంద్రత 4 దగ్గర. టన్నుల్లో రాయి ఆడించే మాలాంటి మిల్లులో జిర్కోనియా ఆలోచనే అక్కర్లేదు.

రవాణా కూడా ధరలో భాగమే. బాల్స్ వచ్చే గుజరాత్ నుంచి మా దాకా వెయ్యి కిలోమీటర్ల పైగా దూరం, సరుకేమో బరువు. మేం మోర్బీకి పౌడర్ పంపిన లారీకి తిరుగు లోడుగా బాల్స్ మాట్లాడుకుంటే కిరాయి బాగా కలిసొస్తుంది. ఆర్డర్‌లో మేం రాయించే షరతులు కూడా ఇవే: సాంద్రత 3.6కు తగ్గకూడదు, ప్రతి బస్తా మీద లాట్ నంబరు ఉండాలి, చీలిన బాల్స్ తూకం వేసి అంతకు అంత కొత్తవి ఇవ్వాలి, సొమ్ములో కొంత భాగం మిల్లులో నడిచి చూశాక ఇస్తాం. సొంత సరుకు మీద నమ్మకం ఉన్నవాళ్ళు చివరి షరతుకు కూడా ఒప్పుకుంటారు. ఒప్పుకోని కొటేషన్ ఎంత చవకగా ఉన్నా మేం పక్కన పెట్టేస్తాం.